వర్జ్యం దాటాక పోయిన నెట్

మా వీధికి నెట్ ఇచ్చే కేబుల్ ఆపరేటర్ మీద నేను రెండేళ్లు పగబట్టాను. పగ అన్నది పెద్ద మాట అని కొందరంటారు. నాకు అంతకన్నా చిన్న మాట దొరకలేదు. పళ్లు తోముకుంటూ అతన్ని తిట్టుకునేదాన్ని. బడికి పోయే దారిలో అతని ఆఫీసు వస్తే రోడ్డు దాటి అవతలి పక్క నడిచేదాన్ని. అతనికి ఇవేవీ తెలియవు, అదొక కడుపుమంట.

సూర్యాపేటలో మాది అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్న కాలనీ. నేను ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచర్ని. నాన్న మిర్యాలగూడలో రైసుమిల్లు గుమస్తా, ఆదివారాలు మాత్రమే ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో అమ్మ, నేను, నాకన్నా తొమ్మిదేళ్లు చిన్నదైన చెల్లి. 2010లో కంప్యూటర్ కొన్నాం. కొన్నాక తెలిసింది, నెట్ కావాలంటే ఆ కేబులాయనే దిక్కని. టెలిఫోన్ ఎక్స్ఛేంజికి నాలుగుసార్లు తిరిగాను. మీ వైపు లైన్లు ఖాళీ లేవని నాలుగుసార్లూ ఒకే జవాబు. డేటా కార్డు కిటికీలో పెడితే సిగ్నల్ ఒక గీత వచ్చేది, పక్కకు జరిపితే అదీ పోయేది. కోదాడ నుంచి ఒక చిన్న కంపెనీ వచ్చి మా వీధి మొదటి దాకా వైరు లాగింది. మూడో రోజుకు ఆ వైరు ముక్కలై మోరీలో, మురుగునీళ్లలో పడి ఉంది. ఫోన్ చేస్తే వాళ్ల మనిషి ఎంతో మర్యాదగా, మీ వీధిలోకి మమ్మల్ని రానివ్వరండీ, మా వల్ల కాదండీ అని పెట్టేశాడు.

ఇక కేబులాయనకే దండం పెట్టాం. మాది వీధిలో అన్నిటికన్నా ఎత్తైన డాబా. అందుకని ఆయన తన నెట్ డబ్బాను మా మెట్లగదిలో బిగించుకున్నాడు. కేబుల్ వాళ్ల పద్ధతే అంత. ఎవరో ఒకరి డాబా చూసుకుంటారు, ఆ ఇంటి కరెంటే వాడుకుంటారు, అక్కడి నుంచి చుట్టుపక్కల ఇళ్లకు వైర్లు లాగుతారు. బదులుగా ఆ ఇంటివాళ్లకు టీవీ చానెళ్లు ఊరికే వస్తాయి. కాగితం లేదు, సంతకం లేదు. అమ్మ సీరియళ్లకు ఆశపడి సరేనంది. అలా నలభై ఇళ్ల నెట్ మా ఇంటి ప్లగ్గు మీద నడిచేది.

నడిచేది అనకూడదు, కుంటేది. వాన పడితే పోయేది, ఎండ కాస్తే పోయేది. ఫోన్ చేస్తే ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యమనేవాళ్లు. చేశామంటే మనిషిని పంపిస్తున్నామనేవాళ్లు. ఆ మనిషి బయల్దేరిన మాట ఎంత నిజమో, మూడు రోజులకు గానీ మా గుమ్మం కనపడకపోవడం కూడా అంతే నిజం. గట్టిగా అడిగితే, ఇష్టం లేకపోతే బంద్ చేసుకోండి అనేవాళ్లు. బంద్ చేసుకుని ఎవరి దగ్గరికి పోతాం? ఆ సంగతి వాళ్లకు మాకన్నా బాగా తెలుసు.

మరుసటి ఏడు చెల్లి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష రాసింది. మా వంశంలో ఎవరికీ రాని ర్యాంకు వచ్చింది. హైదరాబాదులో ఒక సర్కారు కాలేజీ ఉంది, అందులో సీటు రావడానికి సరిపోయే ర్యాంకు. ఆ కాలేజీ పేరు నోటు పుస్తకం వెనక పేజీలో ఎన్నిసార్లు రాసుకుందో లెక్కలేదు. అప్పటికి సీట్లన్నీ నెట్ మీదే ఇస్తున్నారు. ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని వరుసగా గడువులోగా ఎక్కించాలి. ఎక్కించాక కూడా గడువు దాకా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఈ ముక్క నాకు బాగా తెలుసు, బళ్లో పిల్లలకు చెప్పింది కూడా నేనే.

గడువు నాలుగు రోజులు. మొదటి రెండు రోజులు నాన్నతో ఫోన్లో జాబితా మీద వాదులాటకే సరిపోయాయి. మూడో రోజు అమావాస్య, వద్దన్నాం. ఆఖరి రోజు శుక్రవారం, నేను సెలవు పెట్టాను. పొద్దున పదింటికి చెల్లి పేజీ తెరిచి కూర్చుంది. నెట్ ఆ రోజు ఎన్నడూ లేనంత జోరుగా ఉంది. నేను గోడ కాలెండర్ చూశాను. పదిన్నరకు రాహుకాలం, అది అయిపోయిన కాసేపటికే వర్జ్యం, రెండు దాకా. అరగంటలో యాభై కాలేజీలు ఎక్కించలేం కదా, మధ్యలో రాహుకాలం వచ్చేస్తుంది. బతుకంతా దీని మీదే ఉంది, రెండు దాటనీ అన్నాను. అమ్మ తలూపింది. చెల్లి మౌస్ మీంచి చెయ్యి తీసింది. సాయంత్రం ఆరింటి దాకా టైముందిలే అని నేనే కంప్యూటర్ ఆపించాను.

రెండు దాటాక దేవుడికి అగరొత్తి వెలిగించి కూర్చున్నాం. మూడు కాలేజీలు కొట్టి ఇంకా సేవ్ చెయ్యలేదు, నెట్ పోయింది. కేబులాయన ఫోన్ ఎత్తలేదు. చెల్లి చెయ్యి పట్టుకుని రోడ్డున పడ్డాను. మొదటి ఇంటర్నెట్ సెంటర్లో నెట్ లేదు, రెండోదాంట్లో లేదు, మూడోదాంట్లోనూ లేదు. అన్నీ ఆయన వైర్లే. బస్టాండు దగ్గర ఒక్క సెంటర్ టెలిఫోన్ లైను మీద ఉంది. దాని ముందు మాలాంటి వాళ్లు మెట్ల దాకా నిలబడి ఉన్నారు. మా వంతు వచ్చేసరికి ఆరుకు పది నిమిషాలు. పేజీ సగం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆరు కొట్టాక గడువు ముగిసిందని ఎర్ర అక్షరాలు వచ్చాయి. చెల్లి ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని నాకు అనిపించింది.

మర్నాడు కేబులాయన ఆఫీసుకు పోయాను. పాత చోట లేదు, ఎదురుగా కొత్తగా కట్టిన దుకాణాల వరసలో ఒక మడిగెలోకి మారింది. గుమ్మానికి మామిడి తోరణాలు, లోపల కొబ్బరికాయ ముక్కలు. నేను నోరు తెరిచేలోగా ఆయనే నవ్వుతూ లేచాడు.

"నిన్న రెండు దాటినంక మంచి ముహూర్తం దొరికిందమ్మా. గందుకే గప్పుడే లైన్లన్నీ గీడికి మార్చినం. పొద్దుమూకేటాల్లకు మల్ల వచ్చె గదా. జర స్వీటు తీస్కో."

నా చెల్లి సీటు పోయిందని చెప్పాను. అయ్యో, ఇంకో విడత ఉంటది గదమ్మా అని స్వీటు చేతిలో పెట్టాడు. అలవాటు చొప్పున తీసుకున్నాను. బయటికొచ్చి మోరీలో పారేశాను. ఇద్దరం ఒకే కాలెండర్ చూశామని అప్పుడు అర్థమైంది. అర్థమైన కొద్దీ అతని మీదే మంట పెరిగింది. రెండో విడతలో చెల్లికి కోదాడ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో, తను అడగని కోర్సులో సీటు వచ్చింది. రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కేది.

అప్పుడు మెట్లగదిలోని డబ్బా గుర్తొచ్చింది. బడి నుంచి వచ్చి టీ తాగి పైకి వెళ్లేదాన్ని. వీధంతా కంప్యూటర్ల ముందు కూర్చునే వేళ చూసి ప్లగ్గు పీకేదాన్ని. పిట్టగోడ మీద మోచేతులు పెట్టి వినేదాన్ని. ఒక్కో ఇంట్లోంచి తిట్లు లేచేవి, అన్నీ కేబులాయన పేరు మీదే. నాకు ఆ తిట్లు మంగళహారతిలా ఉండేవి. వీధంతా ఒకేసారి ఫోన్లు చేస్తే అతని మనిషి ఆ పూటే వచ్చేవాడు, బండి చప్పుడు వినగానే మళ్లీ పెట్టేసేదాన్ని. అతను పైకి వచ్చి, వెలుగుతున్న లైట్లు చూసి బుర్ర గోక్కుని పోయేవాడు. రేపు బాగైతదా అన్నా అని అమాయకంగా అడిగేదాన్ని. వీధిలో వాళ్ల పనులు కూడా ఆగాయి, పరీక్షలు రాసే పిల్లలూ ఉన్నారు. తెలుసు. తెలిసీ పీకాను, ఒక్కరోజు కూడా నిద్ర చెడలేదు.

రెండేళ్లకు వీధి భగ్గుమంది. నలభై ఇళ్లవాళ్లూ కలిసి అతని ఆఫీసు ముందు నిలబడ్డారు, వాళ్లలో మొదటి వరసలో నేను. కోదాడ కంపెనీని మేమే మళ్లీ పిలిచాం. ఈసారి ఆ వైరు తెగితే మీ వైర్లన్నీ తెగుతాయని ఆడవాళ్లం అతని మొహాన చెప్పాం. అతను నా వైపు చూసి ఆఫీసు లోపలికి పోయాడు. నెల తిరగకముందే ఒక ఇంటి తర్వాత ఒక ఇల్లు అతని వైరు పీకేసింది. చివరికి అతనే స్వయంగా మా డాబా ఎక్కి, డబ్బా ఊడదీసి, చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. చెప్పుల చప్పుడు వీధి చివరి దాకా విన్నాను. నాకు అంత సంతోషం ఆ తర్వాత పెళ్లి కుదిరినప్పుడు కూడా కలగలేదు.

చెల్లి బస్సు దిగి వచ్చేసరికి నేను గుమ్మంలోనే ఉన్నాను. ఉగ్గబట్టుకోలేక చెప్పేశాను.

"పోయిండే. డబ్బా సంకల పెట్టుకొని పోయిండు. నీ సీటు పోగొట్టినోని కథ ఖతం."

చెల్లి చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, తుడుచుకుంది. గొంతు పెంచలేదు. నేను ప్లగ్గు పీకిన ప్రతి సాయంత్రం తను కింద గదిలోనే ఉంది, ఏ రోజూ ఒక్క మాట అనలేదు. నేను గెలిచే రోజు కోసమే ఆగినట్టు నా మొహంలోకి చూసింది.

"ఆ పొద్దు పదింటికి నెట్ మంచిగనే ఉండె. పేజీ తెరిసి కూసున్న, నువ్వే బంద్ చేయించినవ్. కేబులాయనకు గప్పుడు నేనెవరో గూడ తెల్వదు. నువ్వు నా అక్కవు."