పాత రేడియో పక్కన కొత్త టేపు

కారులో కొత్త టేపు ఉండాలి, కానీ ఉన్నట్టు కనబడకూడదు. ఇదీ మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కోరిక. కారు వాళ్ల నాన్నది, తెల్లటి పాత అమెరికా బండి. దాని రేడియో మీద గీత కూడా పడొద్దన్నాడు. అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఆయన గ్యారేజీలో కార్ల కరెంటు పని నాది. పెనంలా కాలుతున్న డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని వైర్లు లాగాను. రేడియోను కదపకుండా క్యాసెట్ ప్లేయర్‌ను పక్కనున్న సామాన్ల అరలో దాచాను, వెనక సీటు పైన రెండు స్పీకర్లు బిగించాను. గొప్పవాళ్ల ముచ్చట తీరాలంటే మా నడుములు విరగాలి మరి.

అప్పటికే నాకు గల్ఫ్ బతుకు మీద విసుగు పుట్టింది. ముదీర్, అదే మా మేనేజరు, ఇంకో రెండేళ్ల కాంట్రాక్టు ముందు పెట్టి అడుగుతున్నాడు. సంతకం పెట్టక ఇంటికి పోదామనే ఉండింది. అంతలో ఊరి మనిషి చేతికిచ్చి నా భార్య క్యాసెట్టు పంపింది. మాకు ఉత్తరాలు లేవు, క్యాసెట్లే. మేమంతా ఉండే గదికంతటికీ ఒక్కటే టేపు రికార్డర్. ఎవరి క్యాసెట్టు వచ్చినా అందరూ చుట్టూ కూర్చుని వినడం రివాజు. ఆ సంగతి ఇంటి దగ్గర ఆడవాళ్లకూ తెలుసు.

“మేం మంచిగున్నం. అక్కడి అన్నలందరికి దండాలు. ఇల్లు స్లాబు దాక వచ్చింది, ఇంకో రెండేండ్లు ఉండు. మా రంది పెట్టుకోకు. ఉంట మరి.”

“ఉంట మరి” అనగానే ఎవరో ఆపేశారు. ఇంకొకడి క్యాసెట్టు కాచుకుని ఉంది కదా. మర్నాడు సంతకం పెట్టేశాను. ఉండమన్నందుకు ఆమె మీద కోపం వచ్చింది, దాచడమెందుకు.

కారు పని ముగిశాక పరీక్షించడానికి వేరే క్యాసెట్టు దొరకలేదు. జేబులో ఉన్న ఆమెదే పెట్టి వెనక సీట్లో ఒరిగాను. పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే వినిపించింది. “ఉంట మరి” అయిపోయింది. లేచి ఆపే ఓపిక లేక అలాగే పడి ఉన్నాను. ఆమెకు మిషన్ ఆపడం తెలియదు కాబోలు, రికార్డు చేసిన నాడు అక్కడా అది తిరుగుతూనే ఉండిపోయింది.

ఎక్కడో కోడి అరిచింది. తర్వాత వాళ్ల అక్క గొంతు వచ్చింది. “ఒక్కసారి రమ్మని అనకపోతివే?”

“ఎట్లంటనక్కా, అందరు ఇంటరు. నేను రమ్మంటే రేపే వస్తడు, నాకెర్క. గందుకే అనలే. ఆయన లేక నాకు బువ్వ పోతలేదు.”

కఫీల్ తలుపు తీశాడు. “ఆవాజ్ సాఫ్ హై?” శబ్దం స్పష్టంగా వస్తోందా అని.

“సాఫ్ హై, అర్బాబ్,” అన్నాను. క్యాసెట్టు తీసి జేబులో పెట్టుకున్నాను. సంతకం చేసిన కాగితం ముదీర్ దగ్గర, పాస్‌పోర్టు ఇతని దగ్గర. ఇతనేమో వాళ్ల తమ్ముడి బండికీ ఇలాగే పెట్టాలంటున్నాడు.

ఆ రెండేళ్లూ చేశాను. తర్వాత వచ్చిన ఆమె క్యాసెట్లను గదిలో ఎవరు విసుక్కున్నా ఆఖరిదాకా తిరగనిచ్చాను. కానీ అప్పటికే ఆమెకు ఎవరో మిషన్ ఆపడం నేర్పారు.