టమాట ఆకు డబ్బాలు

మంగళవారం పొద్దున నాచారం దవాఖానలో అక్క చనిపోయింది. నాకు సొంత అక్క కాదు. పురుగుమందుల కంపెనీలో పురుగులు పెంచే గదికి ఆమె పెద్ద. అందరం అక్క అనే పిలిచేవాళ్లం. తెలంగాణ రాకముందు, నేను కొత్త కోడలిగా ఉప్పల్ వచ్చిన ఏడాదే ఆమె చేతి కింద కూలికి చేరాను.

పొద్దున్నే ఖాళీ ప్లాట్ల వెంట ఆముదపాకు కోసుకొచ్చేవాళ్లం. ఒకే తల్లి గుడ్లలోంచి వచ్చిన లద్దెపురుగుల్ని పంచి, కొన్నిటికి ఆముదపాకు, కొన్నిటికి టమాట ఆకు పెట్టేవాళ్లం. ఆముదం తిన్నవి రెండు వారాల్లో చిటికెన వేలంత అయ్యేవి. రెక్కలొచ్చాక గుడ్లు కుప్పలుగా పెట్టేవి. టమాట తిన్నవి సన్నగా ఉండి సగం చచ్చేవి. ఏ పంట మీద పురుగు ఎంత పెరుగుతుందో, మందు ఎంత కొట్టాలో ఆ లెక్కను బట్టే కంపెనీ సైంటిస్టు సారు రైతులకు చెప్పాలి.

"మందు సంగతి తర్వాత. అదేం తిన్నదో ముందుగాల సూడు," అనేది అక్క.

నా టమాట డబ్బాల్లో పురుగులు చస్తుంటే, నేను సరిగా చూసుకోలేదంటారని భయం పట్టుకుంది. జాలి కూడా వేసింది. ఎవరూ చూడకుండా వాటికి ఆముదపాకు ముక్కలు వేశాను. మూడు రోజుల్లో బలిశాయి. మర్నాడు సారు తూకం వేస్తాడనగా, ఒక డబ్బాలో మిగిలిపోయిన ఆముదపాకు ఈనె అక్క కంట పడింది.

ఆ ఈనె పారేయమని, సారుకు తెలిస్తే నా పని పోతుందని బతిమాలాను.

"పారేస్త. టమాట మీద గూడ పురుగు గింత బలుస్తదని రేపు సారు రాస్తడు. గా రాత నమ్మి మందు కొట్టే రైతుకు ఏం జెప్తవ్?"

అయితే సారుకు నువ్వే చెప్పక్కా అన్నాను.

"తలుపు కాడ నిలబడ్త. నోరు మాత్రం నువ్వే తెరవాలె."

మర్నాడు సారు తూకం మొదలుపెట్టకముందే ఆముదపాకు సంగతి చెప్పాను. ఆయన పుస్తకంలో రెండు పేజీలు కొట్టేసి, ఈమెను ఏం చేద్దామని అక్కను అడిగాడు.

"పురుగులకు మస్తు పెట్టింది సార్. నాకైతే తొక్కు ముక్క గూడ పెట్టది."

సారు నవ్వలేదు. కొత్త గుడ్లతో మళ్లీ మొదలుపెట్టమని, టమాట డబ్బాలు నాకే ఇమ్మని వెళ్లిపోయాడు.

ఆ గుడ్లు పగిలిన నాలుగో పొద్దు ఇంకా కళ్ల ముందే ఉంది. ఆముదపాకు బుట్ట నా మోచేతికి తగులుతూనే ఉంది. మూత తీసి, చచ్చినవి వేరు చేసి, మూడు అన్నాను. గది అవతల అక్కకు వినపడలేదు. ఎన్ని అంది.

"మూడు సచ్చినయక్కా," అన్నాను గట్టిగా.

అటు తిరిగి ఆకులు కడుగుతూనే ఆమె తల ఊపింది.