రెండోసారి అడగని దేశంలో

కెనడాలో మేముండే విన్నిపెగ్‌లో ఏ బస్సెక్కినా మన స్టూడెంట్లే కనిపించిన ఏడాది అది. మా బేస్‌మెంట్‌లోనూ కరీంనగర్ వైపు అమ్మాయి ఒకతె అద్దెకు దిగింది. పగలు కాలేజీ, సాయంత్రం కాఫీ షాపులో పార్ట్‌టైం.

ఒక ఆదివారం గుడి హాల్లో, నాలాగే ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి ఒకాయన ప్లేటు నిండా పులిహోర పెట్టుకుంటూ, "ఈ స్టూడెంట్లొచ్చి మన పరువు తీస్తున్నారండీ. ఫుడ్ బ్యాంక్ దగ్గర ఉచిత సరుకులకి లైన్లు!" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఆకలేస్తే లైను కట్టరా? మీరూ నేనూ ఇక్కడ దిగిననాడు ఎంత దర్జాగా దిగామో మరిచిపోయారా?" అన్నాను. ఆయన మళ్లీ నాతో మాట్లాడలేదు. మంచిదే అయింది.

అంత గట్టిగా అరిచినవాణ్ని, నా కాళ్ల కింద గదిలో ఏం జరుగుతోందో చూసుకోలేదు.

మా ఆవిడ ఆ అమ్మాయికి అప్పుడప్పుడూ అన్నం, కూర పంపేది. పట్టుకెళ్లేది మా కూతురి కూతురు. ఇక్కడే పుట్టింది, తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో చెప్తుంది. వెళ్లిన ప్రతిసారీ గిన్నెతోనే తిరిగొచ్చేది. "షీ సెడ్ నో, తాతయ్యా." మూడుసార్లయ్యాక, "తిననంటే బలవంతం దేనికి, మానెయ్" అని మా ఆవిడతో నేనే అన్నాను.

ఒక శనివారం బట్టలు మిషన్లో వెయ్యడానికి కిందికెళ్లిన మనవరాలు పరుగెత్తుకొచ్చింది.

"తాతయ్యా, అక్క ఈజ్ ఈటింగ్ రైస్ విత్ జస్ట్ కారం! దెన్ వై డిడ్ షీ సే నో?"

నాకు తల కొట్టేసినట్టయింది. నేను ఈ ఊళ్లో వెల్డింగ్ షాపులో చేరిన కొత్తల్లో పక్కన పనిచేసే ఇక్కడి ముసలాయన తన రొట్టె చూపించి, తింటావా అన్నాడు. వద్దన్నాను. మళ్లీ అడుగుతాడని చూశాను. ఆయన డబ్బా మూసేశాడు. ఎంత పిసినారివాళ్లో అని తిట్టుకుంటూ ఆ పూటంతా పస్తున్నాను. ఇక్కడ మనిషి మాటను మాటగా తీసుకుంటారు, అదీ ఒక మర్యాదే అని తెలియడానికి నెలలు పట్టింది. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ని, అన్నీ అలా తిని, తినక నేర్చుకున్నవే. ఈ మర్యాద ఎంత బాగా ఒంటబట్టిందంటే, నాది నేను మరిచిపోయాను.

"మనవాళ్లు మొదట వద్దనే అంటారమ్మా. మళ్లీ అడగాలి. అప్పటికీ వద్దంటే వడ్డించెయ్యాలి."

"సో షీ లైడ్?"

"అబద్ధం కాదే, మొహమాటం."

"బట్ ఇన్ స్కూల్ దే సెడ్ నో మీన్స్ నో."

"స్కూల్లో చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇది అన్నం సంగతి. వెళ్లు."

మా ఆవిడ అన్నం, పప్పు, బెండకాయ వేపుడు పెట్టిచ్చింది. నా మోకాళ్లకు ఆ మెట్లు పడవు. పైనే నిలబడి విన్నాను.

"అక్కా, తిను."

"వద్దు చెల్లీ, ఇప్పుడే తిన్న."

"కారం తిన్నావు. నేను చూశా."

"ఆంటీకి ఎందుకురా తిప్పలు..."

"అమ్మమ్మకి తిప్పలు లేదు. నేను ఇక్కడే కూర్చుంటా. నువ్వు తినకపోతే నేను కూడా తినను."

నా మనవరాలు వరుసగా అన్ని తెలుగు మాటలు మాట్లాడటం నేను వినడం అదే మొదలు. పండక్కి పద్యం చెప్పమంటే పారిపోయే పిల్ల! ఎన్ని క్లాసులకు పంపినా రానిది ఆ అమ్మాయి ముందు వచ్చింది. అద్దెకు దిగిన ఆ అమ్మాయి నాకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. ఈ ఊరు కూడా నన్ను చల్లగానే చూసింది, కాదనను. కానీ ఇది వేరు.

కింద కంచం చప్పుడైంది.

"మోర్?"

"చాలు, చాలు."

"చాలంటే ఇంకా పెట్టాలని తాతయ్య చెప్పాడు."

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. మా ఇంట్లో ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి. మా ఆవిడ పెరుగు గిన్నె పట్టుకుని, "తప్పుకోండి" అని నన్ను పక్కకు నెట్టి మెట్లు దిగిపోయింది.