హారం చుట్టూ అమ్మ చీర

పంతొమ్మిదివందల అరవైల్లో బందరులో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లూ పేరంటాలూ తియ్యడంలో ఊళ్లో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. ఆ పొగరు ఒక హారం ముందు అణిగింది.

చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసే పెద్దాయన ఒకరుండేవారు. చుట్టరికం లేకపోయినా మావయ్యగారూ అని పిలిచేవాణ్ణి. చూపు బాగా మందగించినా, సగం కళ్లతో సగం వేళ్లతో నాలుగు నెలలు కూర్చుని ఆకులూ పూసలూ కూర్చిన హారం ఒకటి చేశారు. కొన్నవాళ్లు మర్నాడు దాన్ని మద్రాసు పట్టుకెళ్లిపోతారనగా నా స్టూడియోకి తెచ్చారు.

"ఎలా కుదిరిందో నా కళ్లకి ఆనడం లేదు బాబూ. పెద్ద ఫోటో తీసిపెట్టు, అందులోనైనా చూసుకుంటాను," అన్నారు.

కిటికీ ఎండలో తీసి ఫిల్ము కడిగితే అంతా మెరుపే, పనితనం మాత్రం కనపడలేదు. వెలుగు మెత్తబడుతుందని, అమ్మ చర్చికి కట్టుకునే పల్చటి తెల్ల మల్లు చీర తెచ్చాను. హారం మీద కోళ్ల గంప బోర్లించి దానిమీద చీర కప్పాను. ఈసారి ప్రతి పూసలోనూ గంప బద్దలు అద్దంలోలాగా చక్కగా పడ్డాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

అమ్మ తొంగి చూసింది. "హారం ఏమన్నా పారిపోతుందట్రా, గంప కింద పెట్టావు? అది తీసేసి చీరని దోమతెరలాగా వేలాడదియ్యి."

ఉక్రోషం దిగమింగుకుని అలాగే చేశాను. టీపొడి పెట్టెలో ఉండే తగరపు కాగితాన్ని అట్టకి అతికించి, వెలుగు తిరిగి హారం మీద పడేలా నీడవైపు నిలబెట్టాను. చీర మడతల మధ్యనుంచి లెన్సు దూర్చి చూస్తే పూసలు గుండ్రంగా, దేనికది విడివిడిగా కనిపించాయి. అంత సంతోషం నాకు ఏ పెళ్లి ఫోటో తీసినప్పుడూ కలగలేదు.

సాయంత్రానికి పెద్ద ప్రింటు ఆరబెట్టి తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన అరుగు మీద కూర్చుని, ముఖానికి దగ్గరగా పట్టుకుని, ఒక కొసనుంచి చూసుకుంటూ వచ్చారు. ఎడమవైపు మూడో ఆకు దగ్గర వేలు ఆగింది.

"ఇది కాస్త లోపలికి వంగింది," అన్నారు.

"ఎవరికీ కనపడదులెండి మావయ్యగారూ."

"నాకు కనపడాలిగా!" అంటూ ఆయన ముఖమంతా నవ్వారు. "కళ్లు బాగున్న రోజుల్లోనూ నేను చేస్తే ఎడమవైపు ఆకు ఇలాగే వంగేది బాబూ. ఇది నా చెయ్యే."