ఒట్టు పెట్టని సాక్షి

శాంతయ్యకు చేను లేదు, అంగడి లేదు, చేతిలో పనితనం అంతకన్నా లేదు. ఉండేదల్లా నోరు. ఏళ్ళ తరబడి ఆ నోటితోనే సంసారం ఈదినాడు.

పొద్దున్నే చద్దన్నం తిని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నుదుటిన విబూది రేకలు తీర్చుకుని కోర్టు ముందర కానగ చెట్టు కింద నిలబడేవాడు. రెండు చేన్ల నడిమి గెనిమ గట్టు తగాదా కానీ, గొడ్ల దొంగతనం కానీ, అన్నదమ్ముల కొట్లాట కానీ, 'కళ్ళారా చూసినోడు' ఎవరన్నా కావాలంటే శాంతయ్యను పిలిస్తే చాలు. తాను పుట్టకముందు జరిగిన భూమి పంపకాన్ని కూడా పక్కనే నిలబడి చూసినట్టు చెప్పే ఘనుడు. ఎదుటి వకీలు ఎంత గింజుకున్నా మాట తొణికేది కాదు. బోనులో చేసే ప్రమాణం ఆయనకు నిద్రలో కూడా నోట్లోంచి వచ్చేది. ఆ అలవాటు ఇంటికీ పాకింది. మాటకు ముందొక ఒట్టు, మాట వెనకొక ఒట్టు. కాఫీలో చక్కెర చాల్లేదని చెప్పేదానికి కూడా "నా బిడ్డల మీద ఒట్టు" అనేవాడు. బిడ్డలు లేరు, అది వేరే సంగతి.

ఒక్క కాణిపాకం పక్కకు మాత్రం పోయేవాడు కాదు. ఆ కోనేట్లో ముణిగి వినాయకుని ముందర అబద్ధపు ప్రమాణం చేసినోడు బాగుపడడని మా జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. కోర్టును మోసం చేయొచ్చు గానీ ఆ స్వామితో మనకెందుకని శాంతయ్య ఆ దోవ బస్సు కూడా ఎక్కలేదు.

ఇట్లాంటి మనిషికి దేవుని వాక్యం ఎట్లా తగిలిందంటే, ఆకలి వల్ల తగిలింది. పెండ్లాం కుప్పమ్మ అప్పటికే ఒకేడాది నుంచి రేణిగుంట రోడ్డు పక్కన ప్రేమానందం అయ్యగారి రేకుల షెడ్డు యేసయ్య గుడికి పోతా ఉండేది. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, ఒక ఆదివారం, మధ్యాహ్నమైనా ఆమె ఇంటికి రాలేదు. అన్నం పెట్టే దిక్కులేక శాంతయ్య ఆమెను పిలుచుకు రావడానికి పోయినాడు. వాకిట్లోకి అడుగు పెట్టేసరికి వాన పట్టుకుంది. చేసేది లేక వెనక వరసలో గొంతుక్కూచున్నాడు. సరిగ్గా అప్పుడే అయ్యగారు, పక్కోడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని దేవుడు పలక మీద రాసిచ్చిన ఆజ్ఞను గురించి గొంతెత్తి చెబుతా ఉండాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అయింది మనవానికి. వాన నిలిచీ నిలవకముందే కుప్పమ్మను బయటికి లాగినాడు.

"మే, నా సంగతి ఆయప్పకు నువ్వే చెప్పినావు గదా?"

"నేనేం చెప్పలేదు. మోషే కాలంలోనే చెప్పినారంట, నీ సంగతి."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మరుసటి ఆదివారం తనే పోయినాడు. ఆ మరుసటిది కూడా. కొన్నాళ్ళకు విబూది డబ్బీ మూల పడింది, కానగ చెట్టు నీడ వేరే సాక్షికి పోయింది. స్వర్ణముఖిలో బాప్తిస్మం ఇచ్చినారు. ఏట్లో మోకాలి లోతు కూడా నీళ్ళు లేకపోతే, అయ్యగారు ఆయన్ను పడుకోబెట్టి ముంచాల్సి వచ్చింది. లేచి తల విదిలించుకుంటే చెవుల్లోంచి ఇసుక రాలింది.

అదైన ఆదివారం అయ్యగారు అందరి ముందర నిలబెట్టి, "సోదరుడు శాంతయ్య ఇప్పుడు సాక్ష్యం చెబుతాడు" అన్నాడు.

శాంతయ్య బిత్తరపోయినాడు. "సాక్ష్యమా! ఎవరి పక్క అయ్యగారూ?"

"ప్రభువు పక్క."

"అవతలి పక్క ఎవురు?"

"సాతాను!"

గుడంతా నవ్వింది. గుళ్ళో సాక్ష్యమంటే తన పాత బతుకు ఎట్లుండేదో, దేవుడు దాన్నెట్లా మార్చినాడో చెప్పడమని అయ్యగారు విడమరిచి చెప్పినాడు. ఓహో, ఇంతేనా అనుకున్నాడు శాంతయ్య. చెప్పినాడు. సారాయి తాగేవాణ్ణి అన్నాడు. ఆడోళ్ళు అయ్యో అన్నారు. ఆ అయ్యో చెవిన పడేసరికి కోర్టు రక్తం లేచింది. పేకాట కూడా ఆడేవాణ్ణన్నాడు. స్తోత్రం అన్నారు. రాత్రిళ్ళు కన్నాలు వేసేవాణ్ణన్నాడు. హల్లెలూయా అన్నారు.

ఆ మాట పక్క ఊళ్ళకు పాకింది. శ్రీకాళహస్తి నుంచి పిలిచినారు, పుత్తూరు నుంచి పిలిచినారు. ఊరు మారేకొద్దీ పాపాలు పెరిగినాయి. పుత్తూరు చేరేసరికి శాంతయ్య మామండూరు అడవిలో బండ్లు ఆపి దోచుకునే గజదొంగ అయినాడు. జనం కండ్లనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. కుప్పమ్మ మాత్రం చాప మీద నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూచునేది. ఏడుస్తా ఉండాదని అందరూ అనుకునేవాళ్ళు.

"ఏమయ్యా," అనింది ఒకరోజు బస్సులో, "మామండూరు అడవిలో దోపిడీ చేసినావా? సీకటి పడితే పెరట్లోకి పోయేదానికి నన్ను తోడు పిలిచే మొగోడివి!"

"జనం మారతా ఉండారు గదమ్మే. మంచికే గదా."

"మంచికేలే. యేసయ్యకు కూడా నువ్వు దొంగసాక్షివే అయినావు."

శాంతయ్య నవ్వేసినాడు. ఆ నవ్వు ఏర్పేడు సభల దాకానే.

ఏర్పేడులో షామియానా వేసి, మైకు పెట్టి, మధ్యాహ్నం ప్రార్థన కూటం. శాంతయ్య అడవిలో బండి ఆపి, బండిలో గడ్డి కింద దాక్కున్న ముసలమ్మ కమ్మలు గుంజే ఘట్టంలో ఉండాడు. షామియానా గుంజకు ఆనుకుని, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక మనిషి, అందరూ ఏడుస్తా ఉంటే తానొక్కడే పొట్ట పట్టుకుని నవ్వుతా ఉండాడు. శాంతయ్య తేరిపార చూసినాడు. ఎవరో గుర్తుకొచ్చింది. ముసలమ్మ కమ్మలు ముసలమ్మకే వదిలేసి, ఆమెన్ చెప్పి కూచున్నాడు.

ఆయన చింతలపాళెం గురప్ప. చిన్న రైతు. కొన్నేళ్ళ కిందట ఆ ఊళ్ళో మునస్వామి అనే ఆసామి పాడి ఎనుము కనబడకుండా పోయింది. మునస్వామికీ గురప్పకూ గెనిమ కాడ పాత పగ. గురప్పే ఎనుమును తోలుకపోయినాడని కేసు పెట్టి, కళ్ళారా చూసినోడు కావాలని శాంతయ్యను పట్టుకున్నాడు. శాంతయ్య ఆ ఊరి మొగమే చూడకుండా, బోనెక్కి, తెల్లవారుజామున గురప్ప ఆ ఎనుమును తోలుకపోతా ఉంటే చూసినానని చెప్పినాడు. ఎనుము గంట చప్పుడు కూడా నోటితో చేసి చూపించినాడు. గురప్ప కొన్ని నెలలు జైల్లో ఉండి వచ్చినాడు.

కూటం అయినాక గురప్ప దగ్గరికొచ్చినాడు.

"బాగుండావా, సాక్షీ?"

"బా... బాగుండా."

"అడవిలో బండ్లు దోచుకునే దినాల్లో నా మీద సాక్ష్యం చెప్పేదానికి నీకు టైం యాడ దొరికిందబ్బా?" నవ్వు ఆగిపోయింది ఆయన మొగంలో. "ఇన్ని పాపాలు ఏకరువు పెట్టినావు. నా ఎనుము కేసు ఒక్కటి యాడ పోయింది? ఊళ్ళో ఇప్పటికీ నన్ను ఎనుముల దొంగ అంటారు. మావోడు పాలు పొయ్యను పోతే, 'ఎవరి ఎనుము పాలురా ఇవి?' అంటారు. జైలుదేముంది, పోయినాను, వచ్చినాను. ఈ పేరు నాకంటే ముందు నడస్తా ఉండాది."

అంతే చెప్పి, తువ్వాలు విదిలించి వెళ్ళిపోయినాడు.

ఆ సాయంత్రం శాంతయ్య అయ్యగారి ముందర కూలబడినాడు. అంతా కక్కేసినాడు. బండ్లు, కన్నాలు, పేకాట, అన్నీ ఉత్తవేనని ఒప్పుకున్నాడు. ప్రేమానందం అయ్యగారు సైకిలుకు గాలి కొడతా ఉండినాడు. పంపు వదిలేసినాడు.

"నాకూ అనుమానం వచ్చింది, శాంతయ్యా. జనం వస్తా ఉండారని అడగలేదు. ఆ తప్పు నాది. చెయ్యని పాపాలకు ఊరూరా ఏడ్చినావు, చేసినదాన్ని మాత్రం మడిచి పెట్టుకున్నావే!"

"బాప్తిస్మంలో కడుక్కున్నాను గదయ్యా అన్నీ?"

జవాబు పక్కనే నిలబడిన కుప్పమ్మ చెప్పింది. "నువ్వు కడుక్కున్నావు. ఆ మురికినీళ్ళు ఆయన మీద పోసినావు."

మర్నాడు పొద్దున మొగుడూ పెళ్ళాం ఎర్రబస్సు దిగి చింతలపాళెం పోయినారు. గంగాధరం టీ అంగడి కాడ ఊరంతా ఉండాది. గురప్పా ఉండాడు. శాంతయ్య నిలబడి, సుత్తి లేకుండా చెప్పినాడు. "అబ్బా, నేను గురప్ప ఆ ఎనుమును తోలుకపోంగా చూడలేదు. చూసినానని కోర్టులో అబద్ధం చెప్పినాను. ఆయన దొంగ కాదు."

గంగాధరం చాయ్ వడపోస్తా అడిగినాడు.

"గురప్పా, ఎంతిచ్చి పిలుచుకొచ్చినావప్పా?"

ఊరు గొల్లుమనింది. గురప్ప మొగం కందగడ్డ అయింది. "నేను పిలవలేదు! నా తోడు, నేను పిలవలేదు!" అంటా ఉండాడు. ఎవరు వింటారు? నిన్నటిదాకా ఉత్త దొంగ. ఇప్పుడు సాక్షిని కొనుక్కునే దొంగ. మేలు చేయబోయి ఉన్న గుంతను ఇంకా లోతుగా తవ్వినానే అనుకున్నాడు శాంతయ్య.

"ఒక పని సెయ్యి," అన్నాడు గంగాధరం. "కాణిపాకం రా. కోనేట్లో ముణిగి, స్వామి ముందర ఈ మాటే చెప్పు. బస్సు టికెట్టు నాది. నమ్ముతాం."

"అదీ మాట!" అన్నారందరూ. గురప్ప కూడా ఆశగా చూసినాడు.

శాంతయ్య నాలుక చివర్న ఒట్టు సిద్ధంగానే ఉండాది. ఊఁ అంటే చాలు, సాయంత్రానికి గురప్ప కడిగిన ముత్యమైపోతాడు. కానీ ఆకాశం మీద వద్దు, భూమి మీద వద్దు, ఔనంటే ఔను, కాదంటే కాదు, అంతకు మించి వద్దని యేసయ్య చెప్పినాడని అయ్యగారు వారం వారం చెబుతా ఉండింది చెవుల్లో గింగురుమంటా ఉంది. శాంతయ్య కుప్పమ్మ వైపు చూసినాడు. ఆమె చూపు తిప్పలేదు.

"నేను ఒట్టు పెట్టనబ్బా," అన్నాడు.

"సూసినారా! సూసినారా!"

"వినండప్పా. ఆ స్వామి మీద నాకు భయం పోయి కాదు. ఒట్టు పెట్టే గదా గురప్పను జైలుకు పంపినాను? నా బతుకులో ఒట్టు పెట్టి చెప్పిందంతా అబద్ధమే. ఈ ఒక్క మాటన్నా ఒట్టు లేకుండా చెప్పనీండి. నమ్మకపోతే నన్ను తన్నండి. ఆయన్ను మాత్రం ఏమీ అనొద్దండి."

గంగాధరం గరిటె కింద పెట్టినాడు. "కోర్టులో మా బామ్మర్ది కేసుకు వీణ్ణి చూసినానబ్బా నేను. ఒట్టు లేకుండా వీని నోట్లోంచి తుమ్ము కూడా రాదు. ఇదేందో కొత్తగా ఉండాదే!"

అంగడికి ఎదురుగా అరుగు మీద అనపకాయలు ఒలుస్తా కూచున్న దేవకమ్మ, చేట పక్కన పెట్టి లేచింది. చచ్చిపోయిన మునస్వామి పెండ్లాం ఆమె. అందరూ దోవ ఇచ్చినారు.

"వాడు చెప్పింది నిజమే," అనింది. "ఆ పొద్దు మా ఇంటాయన ఎనుమును తోలుకపోతా, సంతకని చెప్పినాడు నాతో. వచ్చి, దొంగ ఎత్తుకపోయినాడన్నాడు. నేను అడగలేదు. అడిగితే సంసారం నిలవదని అడగలేదు. ఆయన పోయినాక అన్నా చెప్పాల్సింది. నోరు రాలేదు." గురప్ప వైపు తిరిగింది. "తప్పయిపోయింది నాయనా."

గురప్ప తువ్వాలు తీసి మొగం తుడుచుకున్నాడు, అది చెమటో ఇంకేమో. గంగాధరం మాత్రం గాజు గ్లాసు కడిగి, మీగడ వేసి, అందరికంటే ముందు గురప్ప చేతికి టీ ఇచ్చినాడు. "తాగు గురప్పా. నాదీ ఉండాది ఇందులో తప్పు."

టీ తాగినాక గురప్ప శాంతయ్యను పక్కకు పిలిచినాడు.

"నీ దేవుడు నిన్ను క్షమించినాడా?"

"క్షమించినాడప్పా."

"ఆయన పెద్దోడు, తొందరగా అయిపోతాది. నాకు టైం పడతాది. చెనిక్కాయ చేను పీకేదానికి కూలోళ్ళు దొరకలేదు. రా."

కూలి ఊసెత్తలేదు. శాంతయ్యా అడగలేదు. పుట్టి బుద్ధెరిగినాక వంగి పని చేసిన మనిషి కాదు. మొదటి రోజే నడుము విల్లయింది. పక్క సాలులో ఆడోళ్ళు ఎగతాళి.

"ఏమన్నా, చెట్టును పీకమంటే బతిమాలుతా ఉండావే?"

"దానికి వాయిదా ఇచ్చినాడులే, పైవారం వస్తాది!"

కుప్పమ్మ అప్పటికే రెండో సాలులో ఉండాది. "మొగోడు గజదొంగ గదా," అనింది వాళ్ళతో, "చెట్టే భయపడి బయటికి రావాల."

మధ్యలో ఆదివారం వచ్చింది. గుళ్ళో సాక్ష్యం చెప్పమంటే, శాంతయ్య చూడని ఎనుమును చూసినానని చెప్పిన సంగతి చెప్పి కూచున్నాడు. బండ్ల దోపిడీ కోసం దూరం నుంచి వచ్చిన ఒకాయన ఆవలించినాడు. ఆ ఏడాది సభలకు ఎవరూ పిలవలేదు. అయ్యగారు మాత్రం గుడి అయినాక తన సైకిలు మీద ఎక్కించుకుని బస్సు దాకా దిగబెట్టినాడు.

సోమవారం పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గురప్ప గెనిమ మీద తువ్వాలు పరిచి, సంగటి గంప దించినాడు. శాంతయ్య ఎప్పట్లా దూరంగా కానగ నీడకు పోతా ఉంటే, "యాడికి? ఈడ కూచో," అన్నాడు. ఆకులో ఒక ముద్ద పెట్టి, పక్కన చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి వేసినాడు. ఇద్దరూ తిన్నారు. శాంతయ్య ఆకు తుడిచి లేవబోయినాడు.

గురప్ప చెయ్యి పట్టి కూచోబెట్టి, గంపలోంచి ఇంకో ముద్ద తీసినాడు.

"తిను. ఇంకా సగం చేను ఉండాది."