తుడవని గాజుపలక

మా ఆడబిడ్డ పోయిన నెలలో హైదరాబాద్ ఆసుపత్రిలో కన్నుమూసింది. జ్వరం తగ్గుతోందని పొద్దున తనే ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నం అదే ఫోన్ నుంచి మరొకరు మాట్లాడారు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వాళ్లు ఆ పిల్ల ఇన్నేళ్లు ఏం చదివిందని నన్ను అడుగుతున్నారు. వాళ్లకోసం ఇది రాస్తున్నాను.

కరెంటును మోసే ఒక రకం కర్బన పదార్థాల మీద ఆమె పరిశోధన. వాటిని కరిగించి, గాజుపలక మీద బ్లేడుతో పలుచగా పూస్తారు. ఆ పూత ఆరుతూ స్ఫటికాలు కడుతుంది. అవన్నీ ఒకే దిక్కుకు పేరుకుంటే కరెంటు సాఫీగా పారుతుంది. మడతపెట్టే ఫోన్ తెరలకు అలాంటి పూతలు కావాలట.

ఎండాకాలం వస్తే, నేను డాబా మీద పోసిన సగ్గుబియ్యం వడియాల ముందు గొంతుక్కూర్చునేది. "ఆరేటప్పుడే అంతా అయితది, సూడు వదినా," అనేది. ఎండిన వాటిని తీయడానికి మాత్రం చెయ్యి వేసేది కాదు. సగం ఆరినవి తినేసేది. నా కూరలో ఉప్పు తక్కువైతే తక్కువైందనే చెప్పేది, బాగుంటే గిన్నె ఊడ్చేది.

ఆమె పూతల్లో స్ఫటికాలు దువ్విన జుట్టులా వచ్చేవి. ల్యాబ్‌లో ఇంకెవరికీ అలా రాలేదు. బ్లేడు నడిపే వేగంలోనే కిటుకు ఉందని ఆమె, ఆమె సారు నమ్మి వ్యాసం సిద్ధం చేశారు. ఇంతలో ఒక జూనియర్ అమ్మాయి, ఈమె తుడిచి పెట్టిన పలకను పొరపాటున అడ్డంగా తిప్పి పూసింది. స్ఫటికాలు బ్లేడు వెంట రాలేదు. అడ్డంగా పోయాయి.

మాది బొగ్గుధూళి రాలే ఊరు. కడిగిన పళ్లెమైనా బట్టతో తుడవనిదే అన్నం పెట్టుకోం. ఆమె కూడా కడిగిన పలకను ప్రతిసారీ నూలుబట్టతో, బ్లేడు నడిచే దిక్కుకే, గట్టిగా తుడిచేది. ఆ పని చేస్తున్నట్టు తనకే ధ్యాస లేదు. ఆ రాపిడి కంటికి కనపడని దారులు గీస్తే, స్ఫటికాలు వాటిని పట్టుకుని పెరిగాయి.

ఇంటికి వచ్చి చెప్పగానే అత్తమ్మ అందుకుంది. "ఇంట్ల ఒక్కనాడు చీపురు పట్టలే. గాడ తుడిచి తుడిచి కొంప ముంచుకున్నవా?"

ఆమె పకపకా నవ్వింది. మా ఆయన నవ్వలేదు. "సారుకు చెప్తే మళ్ల మొదటికొస్తది గదనే. నీకు, ఆ జూనియర్ పిల్లకు తప్ప ఎవలకెరుక? నడవనియ్యి."

"నాకెరుకనే గదా అన్నా."

సారుకు చెప్పింది. వ్యాసం ఆగింది. తుడవని పలకల మీద వేగం మారుస్తూ మళ్లీ మొదలుపెట్టింది. ఎట్లా వచ్చాయని ఫోన్లో అడిగితే, "కోడి కెలికినట్టు," అనేది. "ఒక్క వేగంలనన్న వరుస రావాలె వదినా. రాకుంటే రాలేదనే రాస్త."

అది చూడకుండానే పోయింది.

మొన్న ఆ జూనియర్ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. అక్క వదిలిన పని తను చేస్తున్నానని చెప్పి, ఫోన్లో వీడియో పెట్టింది. "తుడవని పలకనే అమ్మా. బ్లేడు అన్నిటికన్న మెల్లగ నడిపిన."

సూక్ష్మదర్శిని కింద తడి పూత. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక నీలి మొన పొడిచింది, పక్కన ఇంకొకటి.

అత్తమ్మ ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "వంకర పోతున్నయా బిడ్డా?"

"లేదమ్మా, సూడు."

నీలి గీతలు ఒకదాని పక్కన ఒకటి, తొందర లేకుండా, తడిలోకి తిన్నగా సాగుతున్నాయి.