వాల్వు ప్రీయాంపు ముందు మా బావ

రాయపూర్‌కు దగ్గర్లోని ఉక్కు ఊళ్లో, పవర్ హౌస్ బజారు వెనక సందులో మా అక్కా బావల ఇల్లు. ముందుగది చిన్నది. బావ రిటైరైనప్పటినుంచి ఆ గదిలో మనిషి కూర్చునే చోటు తగ్గుతూ వచ్చింది. ముందు నేలమీద నిలబెట్టే పొడవాటి స్పీకర్లు వచ్చాయి. వాటిని గోడకు జరిపి, స్టాండు మీద పెట్టే చిన్న జత తెచ్చారు. ఆ తరువాత వచ్చిన యాంప్లిఫయరును మోయడానికి ఆటో అబ్బాయి, నేను, బావ ముగ్గురమూ కావలసివచ్చింది. పండక్కి కొన్న సోఫా వరండాలోకి వెళ్లిపోయింది.

ఏది తెచ్చినా బావ కంప్లయింటు మాత్రం ఒకటే.

"వయొలిన్ కిందనున్నంతసేపూ బాగుంటాదిరా. పైకెల్లేసరికి దుప్పటి కప్పీసినట్టయిపోతంది. ఆ మెరుపు నేదు."

మొదట స్పీకర్ల తప్పన్నారు. తరువాత యాంప్లిఫయరు తప్పు, ఆ తరువాత వైరు తప్పు. కొన్నాళ్లు కరెంటు వోల్టేజిని తిట్టుకున్నారు. నేను పత్రిక డెస్కులో బతికినవాణ్ని. ఒక విషయం మీద ఇంతమంది ముద్దాయిలు కనబడితే ఇంకొకరి పేరు రాయడం మరిచిపోయామేమోనని అనుమానం వస్తుంది. కానీ ఇంట్లో మనిషి మీద రిపోర్టింగు చెయ్యలేం.

ఆ మెరుపు ఏమిటో నాకు తెలుసు. బావ కుర్రతనంలో సెక్టర్ 2 క్వార్టర్స్‌లో విజయనగరంనుంచి వచ్చిన ఒక మాస్టారు వయొలిన్ వాయించేవారు. బావ ఆయన దగ్గర కొన్నాళ్లు నేర్చుకున్నారు కూడా. ఎండాకాలం సాయంత్రాలు మాస్టారు పైతీగ మీద కమాను నిలిపితే, క్వార్టర్ల మధ్య దారిలో సైకిళ్లు ఆగిపోయేవట. తరువాత బావ ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో చేరారు. షిఫ్టులు మారుతూ ఉంటే పాఠం కుదరలేదు. వయొలిన్ ఎవరికో ఇచ్చేశారు. "రిటైరయ్యాక కూకుని ఇంటాను, తీరిగ్గా" అని మాత్రం పెళ్లినాటినుంచి మా అక్కతో అనేవారు. ఆయన ముసలితనంకోసం దాచుకున్నది అదొక్కటే. గుళ్లకు వెళ్లే మనిషి కాదు, పేకాట రాదు.

ఆదివారం పొద్దున్న మిల్లులో ఆయనతో పనిచేసిన ఇద్దరు వచ్చేవారు. అప్పుడు పోలిక పెట్టేవాళ్లు: ఒకే పాట, ముందు ఈ జత మీద, తరువాత ఆ జత మీద. వినే పద్ధతి కూడా మిల్లుదే. ఎర్రటి ఇనుమును నొక్కి సాగదీసే రోలింగ్ స్టాండు దగ్గర మాట వినబడదు గనుక అక్కడ అంతా చేతులతో మాట్లాడుకునేవారు. అరచెయ్యి అడ్డంగా పెడితే ఆపమని, వేలు తిప్పితే కానివ్వమని. ముందుగదిలో కూడా పాట నడుస్తున్నంతసేపూ నోరు విప్పకుండా చేతులతోనే తీర్పు చెప్పుకునేవారు. ముగ్గురూ ప్రతిసారీ ఒకే జతకు చెయ్యెత్తేవారు. అది అన్నిటిలోకీ కీచుగా మోగే జత.

"ఏక్ నంబర్ ఉంది గురూ!" అన్నాడొకాయన. "దీని ముందు అది ఉత్త డబ్బా."

మా అక్క టీలు పెట్టి చెవి మీద చెయ్యి వేసుకుంది. "ఏటి బాగుంది? స్టీలు గిన్ని గోడకేసి గీకినట్టుంది."

"దీదీ, మీకు సీరియల్ పాటలు అలవాటు. ఇది హై క్లాస్."

"హై క్లాసే. కుక్కరు కూతెడితే ముగ్గురిలో ఒక్కరూ లెగరు. పప్పు మాడి కంపొచ్చాక ముక్కులతో కనుక్కుంటారు."

ముగ్గురూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, ఆ స్పీకరు దగ్గర నిలబడలేక వరండాలోకి వెళ్లాను.

కుక్కరు మాట నన్ను వదల్లేదు. మిల్లుకు ఏటా ఒక హెల్త్ వ్యాను వచ్చేది. అందులో అద్దం బిగించిన చిన్న గది. మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోను తగిలించి, చేతికో బటన్ ఇచ్చేవారు. సన్నటి కూత వినబడినప్పుడల్లా నొక్కాలి. వినబడకపోతే స్టాండు దగ్గరినుంచి తీసి గోడౌన్లో వేస్తారు. ఎర్రటి ఇనుము ముందు నిలబడ్డవాడికి గోడౌన్ అంటే చీర కట్టించినట్టే. అందుకని పాతవాళ్లు కొత్తవాళ్లకు ఒక కిటుకు నేర్పారు. కూత వదిలేటప్పుడు అద్దం అవతల కూర్చున్నవాడి భుజం కొద్దిగా కదులుతుంది. భుజం చూడు, బటన్ నొక్కు. ఈ సంగతి చాలాకాలం క్రితం బావే పగలబడి నవ్వుతూ నాకు చెప్పారు. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన స్పాంజి బిళ్లలు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లమనీ, అవి పెట్టుకుంటే క్రేను గంట వినబడదనీ కూడా చెప్పారు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "బావా, ఒకసారి చెవులు చూపించుకుందామా?"

ఆయన నావైపు జాలిగా చూశారు. "నా చెవులకేటిరా? సర్వీసంతా వ్యానులో పాసే. ఒక్క ఏడు కూడా తప్పనేదు."

అబద్ధమాడుతున్నారేమోనని ముఖంలోకి చూశాను. లేదు. అన్నేళ్లు పాసైన మనిషి, ఎలా పాసయ్యారో మరిచిపోయారు.

చివరికి వాల్వుల దాకా వచ్చింది. మా చిన్నప్పటి రేడియోల్లో ఎర్రగా వెలిగేవే, గాజు బుడ్లు. అవి పెట్టి చేసిన ప్రీయాంపు అయితే పాట సన్నగా ఉన్నప్పుడే పట్టుకుని, నలగకుండా యాంప్లిఫయరుకు అందిస్తుందని ఎవరో చెప్పారు. రాయపూర్‌లో ఒక షాపులో విని చూడవచ్చట. "తప్పంతా మధ్యలో ఉందిరా, మనం అటూ ఇటూ వెతికాం," అన్నారు కారెక్కుతూ. దారిలో కుమ్హారి దాటేదాకా మాస్టారి కమాను గురించే చెప్పారు. ఆయన అంత హుషారుగా ఉండడం చూసి ఎన్నాళ్లయిందో.

షాపు వెనక వినే గది. గోడలకు మెత్తలు, నేలమీద తివాచీ. తలుపు వేస్తే మన ఊపిరి మనకే వినబడుతుంది. షాపతను మర్యాదస్తుడు. మామూలు ప్రీయాంపు, వాల్వు ప్రీయాంపు పక్కపక్కన పెట్టి, ఒకే రికార్డు రెండిటి మీదా వినిపిస్తానన్నాడు. బావకోసం వయొలిన్ ఉన్న భజన రికార్డు తీశాడు. "అంకుల్, ఆంఖే బంద్ కర్‌కే సునియే," అన్నాడు. కళ్లు మూసుకుని వినమని.

బావ బుద్ధిగా కళ్లు మూసుకున్నారు.

ముందు వాల్వులది పెట్టాడు. రికార్డు మొదట్లో వయొలిన్ లేదు. కంచు తాళాలు మాత్రమే, మెత్తగా, వీధి చివరనుంచి వస్తున్నట్టు. ఒక్కొక్క దెబ్బా మోగి, సన్నబడి, గాలిలో కరిగిపోవడం తెలుస్తోంది. అంత శుభ్రమైన చప్పుడు నేనెప్పుడూ వినలేదు. తెలియకుండానే నా వేలు మోకాలి మీద దెబ్బ వేస్తోంది.

బావ కళ్లు మూసుకునే ఉన్నారు. కాసేపటికి కొంచెం విసుగ్గా అన్నారు. "ఏటి భయ్యా, మొదలెట్టవా?"

షాపతను నోరు తెరిచాడు. నేను వద్దన్నట్టు తల ఊపాను. తాళాలు మోగుతూనే ఉన్నాయి.

ఎవరూ పలకకపోవడంతో బావ కళ్లు తెరిచారు. షాపతణ్ని చూశారు. వెలుగుతున్న వాల్వులను చూశారు. తరువాత నా మోకాలి మీద ఆడుతున్న వేలిని చూశారు. చాలాసేపు చూశారు. వేలు ఆపేద్దామనుకున్నాను. ఆపితే ఇంకా అన్యాయంగా ఉంటుందనిపించింది.

ఆయన తన కుడిచెయ్యి మెల్లగా మోకాలి మీద పెట్టుకున్నారు. నా వేలు పడ్డప్పుడల్లా ఆయన వేలు పడింది. ఒక్కటీ తప్పలేదు. ముఖం మీద పాట వింటున్నవాడి చిరునవ్వు కూడా తెచ్చుకున్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగి లెక్క తప్పింది. నా వేలు దెబ్బకు ముందే పడిపోయింది. ఆయన వేలు కూడా, దాంతోపాటే, ముందే పడింది.

వయొలిన్ వచ్చింది. పైతీగ మీదకు వెళ్లింది. బావ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. మామూలు ప్రీయాంపు మీద పెట్టమని అడగలేదు. లేచి షాపతనికి దండం పెట్టి, "బహుత్ బఢియా," అని మెచ్చుకున్నారు.

తిరిగి వస్తుంటే కుమ్హారి దగ్గర లారీల వెనక ఆగిపోయాం. ఆయన అద్దంలోంచి బయటికే చూస్తూ అడిగారు. "ఏరా, పాసయ్యానా?"

"మళ్లీ వద్దాం బావా, ఇంకో రికార్డు తెచ్చుకుని," అన్నాను. ఆయన ఇటు తిరగలేదు. ఇటు తిరిగి నా పెదాలు చూడకపోతే ఆయనకు వినబడదని అప్పటికి నాకు తెలుసు. అయినా మళ్లీ చెప్పలేదు.

ఆదివారాలు మిల్లువాళ్లు ఇంకా వస్తున్నారు. టీ తాగి వెళ్లిపోతారు. స్పీకర్ల మీద అక్క పాత చీర కప్పింది. సోఫా లోపలికి తెద్దామని ఆవిడ అన్నప్పుడు, బావ అరచెయ్యి అడ్డంగా పెట్టారు.